బరంపురం నుంచి వెళ్లినవాడికి హ్యామ్ లైసెన్సు ఎక్కడ దొరుకుతుంది?

చదువుకో, ఉద్యోగానికో అమెరికా బయలుదేరుతున్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పిల్లల్లో రేడియో మీద ఆసక్తి ఉన్నవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. హ్యామ్ రేడియో, అంటే సంపాదన కోసం కాకుండా ఆసక్తి కొద్దీ సొంత రేడియోతో ప్రసారం చేసి మాట్లాడుకునే విద్య, దాని లైసెన్సు ఇక్కడే తీసుకుని వెళ్లాలా, లేక అక్కడ దిగాక తీసుకోవాలా? న్యూజెర్సీలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి లైసెన్సుతో రేడియో నడిపి, తిరిగి బరంపురం వచ్చి ఇక్కడి లైసెన్సు కూడా తీసుకున్నవాడిగా నా అభిప్రాయం ఇది. ఏ నేల మీద నివసిస్తున్నారో ఆ నేల లైసెన్సును, ఇల్లు కుదిరిన మొదటి నెలల్లోనే తీసుకోవాలి. చేతిలో ఇంకో దేశపు కాగితం ఉందన్న ధీమాతో దాన్ని వాయిదా వేయకూడదు.

ఎందుకో చెప్పాలంటే లైసెన్సు స్వభావం నుంచి మొదలుపెట్టాలి. ప్రసారం చేసే అనుమతిని ఇచ్చేది ఆ భూభాగాన్ని పాలించే ప్రభుత్వం, రేడియోలో మనల్ని గుర్తించే పేరైన కాల్‌సైన్ మొదటి అక్షరాలు ఆ ప్రభుత్వానికి అంతర్జాతీయంగా కేటాయించినవి. మన దేశపు హ్యామ్‌ల కాల్‌సైన్లు వీయూతో మొదలవుతాయి, అమెరికా వారివి ఏ, కే, ఎన్, డబ్ల్యూ అక్షరాలతో మొదలవుతాయి. మనిషికి వచ్చిన విద్య సముద్రం దాటినా అతని అనుమతి దాటదు. దేశాల మధ్య పరస్పర ఒప్పందాలు ఉన్నమాట నిజమే. భారత ప్రభుత్వ లైసెన్సు ఉన్న భారత పౌరుడు అమెరికాలో అడుగుపెట్టాక అక్కడి పరీక్ష రాయకుండానే, తన కాల్‌సైన్ ముందు అక్కడి ప్రాంతపు అక్షరం, అంకె చేర్చుకుని మాట్లాడవచ్చు. కానీ ఆ ఒప్పందాలు పౌరసత్వాన్నీ, లైసెన్సు ఇచ్చిన దేశాన్నీ జతగా చూస్తాయి. భారత పౌరుడిగా ఉంటూ అమెరికా లైసెన్సు మాత్రమే పొందిన అప్పటి నాలాంటివాడు ఐరోపాకు వెళితే అక్కడి దేశాల ఉమ్మడి ఏర్పాటు, అంటే సీఈపీటీ సౌకర్యం, అతనికి వర్తించదు. అమెరికా లైసెన్సు మీద ఆ సౌకర్యం అమెరికా పౌరులకే. వారం రోజుల ప్రయాణానికి సరిపోయే ఒప్పందం మీద ఏళ్ల తరబడి కాపురం నడపడం నాకు సమ్మతం కాదు.

అమెరికా పరీక్ష గురించి మనవాళ్లలో ఉన్న భయాల్లో సగం వీసాకు సంబంధించినవి. పౌరసత్వం గాని, గ్రీన్ కార్డు గాని దానికి అవసరం లేదు. పరాయి ప్రభుత్వానికి ప్రతినిధిగా వచ్చినవారికి తప్ప మిగతా అందరికీ అది అందుబాటులో ఉంది, వయసుకు కనీస పరిమితి లేదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు కూడా నిశ్చింతగా రాయవచ్చు, ఎందుకంటే ఈ రేడియో మీద డబ్బు సంపాదించడం అక్కడి నిబంధనల్లోనే నిషిద్ధం. కావలసింది అమెరికాలో ఉత్తరం అందే చిరునామా, ఒక గుర్తింపు పత్రం, లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే వచ్చే ఎఫ్ఆర్ఎన్ అనే నంబరు. చిరునామా విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. మీరిచ్చిన చిరునామా మీ కాల్‌సైన్‌తో పాటు ప్రజలందరూ చూడగల జాబితాలో ఉంటుంది. నలుగురు కుర్రాళ్లతో కలిసి అద్దెకు ఉంటున్న ఫ్లాటు నంబరు లోకానికంతటికీ కనిపించడం ఇష్టం లేకపోతే పోస్టాఫీసు పెట్టె అద్దెకు తీసుకోవడం మేలు.

అక్కడ లైసెన్సులు మూడు మెట్లు. మొదటిది టెక్నీషియన్, రెండోది జనరల్, చివరిది అమెచ్యూర్ ఎక్స్‌ట్రా. మొదటి రెండింటికీ 35 ప్రశ్నల చొప్పున ఉంటాయి, వాటిలో 26 సరిగా రాస్తే ఉత్తీర్ణత. ఎక్స్‌ట్రాకు 50 ప్రశ్నలు, 37 సరిపోతాయి. అన్నీ నాలుగు సమాధానాల్లో ఒకటి ఎంచుకునేవే. విశేషమేమిటంటే ప్రశ్నలు రహస్యం కావు. పరీక్షలో రాగల ప్రతి ప్రశ్ననూ, దాని సమాధానంతో సహా, ముందుగానే ప్రచురిస్తారు. టెక్నీషియన్ జాబితాలో ఇప్పుడు 400కు పైగా ప్రశ్నలున్నాయి, నాలుగేళ్లకోసారి ఆ జాబితాను మారుస్తారు. ఇది బట్టీ చదువు కాదా అని మా చిన్నాన్నగారు, వృత్తిరీత్యా లెక్కల మాస్టారు, ఎత్తిపొడిచారు. కొంతవరకు బట్టీయే. అయితే ఓమ్ సూత్రం, తరంగదైర్ఘ్యం, యాంటెన్నా పొడవు, విద్యుత్ ప్రమాదాలు, ఏ బ్యాండులో, అంటే ఏ తరంగాల పట్టీలో, ఎవరికి ఎంత హక్కు ఉందన్నది వందల ప్రశ్నలుగా అటూ ఇటూ తిప్పి అడిగినప్పుడు, అవన్నీ అర్థం కాకుండా గుర్తుపెట్టుకోవడం కంటే అర్థం చేసుకోవడమే తక్కువ శ్రమ. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివిన ఎవరికైనా టెక్నీషియన్‌కు కొన్ని వారాల సాయంత్రాలు చాలు.

పరీక్ష పెట్టేది ప్రభుత్వాధికారులు కాకపోవడం నన్ను మరింత ఆకట్టుకుంది. మా ఊరి గ్రంథాలయం వెనుక గదిలో ముగ్గురు స్వచ్ఛంద పరీక్షకులు కూర్చున్నారు. ముగ్గురూ హ్యామ్‌లే, ఎవరికీ జీతం లేదు. క్యాలిక్యులేటరు మెమరీ ఖాళీగా ఉందో లేదో చూశారు, పెన్సిలు ఇచ్చారు, రాసి ఇచ్చిన కాగితాన్ని ముగ్గురూ విడివిడిగా దిద్ది అప్పటికప్పుడే ఫలితం చెప్పారు. మొదటి మెట్టు దాటినవారికి వెంటనే, అదనపు రుసుము లేకుండా, రెండో మెట్టు కాగితం కూడా ఇస్తామన్నారు. చదవకపోయినా దాన్ని తీసుకుని ప్రయత్నించడం మంచిదే, పోయేదేమీ లేదు. కొద్ది రోజుల్లో ఎఫ్‌సీసీ జాబితాలో నా పేరు పక్కన కాల్‌సైన్ కనిపించింది, ఆ క్షణం నుంచే ప్రసారం చేయవచ్చు, కాగితం కోసం ఆగనక్కరలేదు. నేను రాసిన రోజుల్లో ప్రభుత్వానికి కట్టవలసింది లేదు, 2022 ఏప్రిల్ నుంచి మాత్రం 35 డాలర్లు వసూలు చేస్తున్నారు, పరీక్ష నిర్వహించే బృందానికి ఇచ్చే చిన్న మొత్తం దానికి అదనం. లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. ఇదంతా అమెరికాలో మొదటి నుంచీ ఇలాగే ఉందనుకోకూడదు. 1984కు ముందు అక్కడ కూడా పరీక్షలు చాలావరకు ప్రభుత్వోద్యోగుల చేతిలోనే ఉండేవి.

టెక్నీషియన్‌తో ఆగిపోవద్దని నేను ప్రతివారికీ చెబుతాను. ఆ మెట్టు మీద ఉన్నవారికి 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న రెండు మీటర్ల బ్యాండూ, దానిపైనున్న బ్యాండ్లూ పూర్తిగా అందుతాయి. చేతి రేడియో పట్టుకుని ఊళ్లోని రిపీటర్, అంటే అందిన మాటను బలం పెంచి తిరిగి ప్రసారం చేసే యంత్రం, ద్వారా చుట్టుపక్కల వారితో హాయిగా మాట్లాడుకోవచ్చు. దూరదేశాలకు మాట వినిపించే హెచ్ఎఫ్ బ్యాండ్లలో మాత్రం వారికి నోటితో మాట్లాడే హక్కు 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ మధ్యనున్న చిన్న ముక్కలోనే ఉంది, మిగిలిన హెచ్ఎఫ్ బ్యాండ్లలో దొరికే కొద్దిపాటి జాగా చుక్కలు, గీతల సంకేత భాష అయిన మోర్సుకే పరిమితం. పది మీటర్ల ఆ బ్యాండు సూర్యుడి మచ్చలు దయతలచిన కాలంలోనే దూరాలకు తెరుచుకుంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు న్యూజెర్సీలో అది పగలు, ఇంటికి ఫోను కలవడం లేదు, నా దగ్గర ఉన్నది టెక్నీషియన్ లైసెన్సు మాత్రమే. వినడానికి ఏ అనుమతీ అక్కరలేదు గనుక 14 మెగాహెర్ట్జ్ బ్యాండును ఆ చివర నుంచి ఈ చివర వరకు తిప్పుతూ కూర్చున్నాను. ఆ హోరులో గంజాం జిల్లా మాట ఏదీ నా చెవిన పడలేదు. ఒకవేళ పడినా ఆ బ్యాండులో బదులు పలికే హక్కు నాకు లేదు. ఆ చలికాలంలోనే జనరల్ పరీక్షకు కూర్చున్నాను. మోర్సు రాకపోవడం దానికి అడ్డు కాదు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు మోర్సును తప్పనిసరి చేసే అంతర్జాతీయ నిబంధనను తొలగించింది, అమెరికా 2007 ఫిబ్రవరిలో తన పరీక్షల నుంచి దాన్ని పూర్తిగా తీసివేసింది.

లైసెన్సు వచ్చాక ఇంటితో రేడియోలో మాట్లాడుకోవచ్చునని ఊహించుకునేవారికి ఒక నిరాశ తప్పదు. విశాఖపట్నంలో ఉన్న ఒక హ్యామ్ మిత్రుడు బరంపురం వచ్చి, తన రేడియో మైకును మా అమ్మ చేతికిచ్చి నాతో మాట్లాడిద్దామనుకున్నాడు. అది కుదరదు. లైసెన్సు లేని మూడో మనిషి తరఫున దేశాల మధ్య సందేశాలు పంపాలంటే ఆ రెండు ప్రభుత్వాల మధ్య ప్రత్యేకమైన ఒప్పందం ఉండాలి. అమెరికాకు అటువంటి ఒప్పందాలున్న దేశాల జాబితాలో భారతదేశం లేదు. విపత్తు సహాయానికి మాత్రమే మినహాయింపు ఉంది. అమ్మకు ఇదంతా వివరిస్తే, ఫోను ఉండగా ఆ గోల ఎందుకని తేల్చేసింది, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తెలుగులో మాట్లాడుకోవడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. అమెరికా నిబంధనల ప్రకారం పది నిమిషాలకోసారీ, సంభాషణ చివరా కాల్‌సైన్‌ను ఇంగ్లీషులో పలికితే చాలు, మధ్యలో ఆవకాయ గురించి మాట్లాడుకున్నా అడిగేవారు లేరు. తూర్పు తీరంలో ఉదయం పూట, అంటే మనకు సాయంకాలం, 14 మెగాహెర్ట్జ్ మీద ఒక తెలుగు గొంతు చిక్కినప్పుడు కలిగే సంతోషం వాట్సాప్ కాల్‌లో దొరకదు. ఎందుకు దొరకదో మా అమ్మకు నేను నచ్చజెప్పలేకపోయాను గనుక ఇక్కడ కూడా ప్రయత్నించను.

తిరుగు ప్రయాణం గురించి ఎక్కువ జాగ్రత్తలు చెప్పవలసి ఉంది. అమెరికాలో లైసెన్సు లేనివాడు కూడా రేడియో కొని ఇంట్లో పెట్టుకోవచ్చు, ప్రసారం చేయడానికి మాత్రమే అనుమతి కావాలి. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ దృష్టి వేరు. లైసెన్సు లేకుండా అటువంటి పరికరం దగ్గర ఉంచుకోవడమే ఇక్కడ తప్పు. అందువల్ల అక్కడ ముచ్చటపడి కొన్న రేడియోను, ఇక్కడి లైసెన్సు చేతికి రాకముందు, బట్టల పెట్టెలో సర్దుకుని విమానం ఎక్కవద్దు. నేను నా సామాను అక్కడి మిత్రుడి గ్యారేజీలో వదిలి వచ్చాను. లైసెన్సు వచ్చాక కూడా ఆ రేడియోను అక్కడి అలవాటుతో వాడకూడదు. అక్కడ రెండు మీటర్ల బ్యాండు 148 మెగాహెర్ట్జ్ వరకు వెళుతుంది, మనకు 146తో ఆగిపోతుంది. అక్కడ 420 నుంచి 450 వరకు ఉన్న 70 సెంటీమీటర్ల బ్యాండు ఇక్కడ 434 నుంచి 438 వరకే. నా చేతి రేడియోలో గుర్తుపెట్టుకున్న న్యూజెర్సీ రిపీటర్లలో చాలా భాగం మన హద్దు దాటి 147లో ఉండేవి, వాటన్నిటినీ చెరిపివేశాకే దాన్ని ఇక్కడ వాడుకలో పెట్టాను.

బరంపురంలో స్థిరపడ్డాక మినహాయింపులేవీ అడగకుండా నేరుగా ఇక్కడి పరీక్షకే దరఖాస్తు చేశాను. మన దేశంలో పరీక్షను కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహిస్తుంది, దరఖాస్తు సరళ్ సంచార్ అనే పోర్టల్ ద్వారా వెళుతుంది. 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులున్నాయి. రెండింటికీ రేడియో సిద్ధాంతం, నిబంధనలు రెండు భాగాలుగా ఉంటాయి, జనరల్‌కు అదనంగా నిమిషానికి 8 మాటల వేగంతో మోర్సు పంపడం, వినడం కూడా రావాలి. మొదటిదానిలో నెగ్గినవారికి వీయూ3తోనూ, రెండోదానిలో నెగ్గినవారికి వీయూ2తోనూ మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు. రుసుము 20 ఏళ్లకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000. డబ్బు విషయంలో మన పద్ధతే ఉదారమైనదని ఒప్పుకోవాలి. పదే పదే పునరుద్ధరణ గోల కూడా లేదు.

కాలం విషయంలో అలా అనలేను. అక్కడ శనివారం రాసి తర్వాతి శనివారం లోపు ప్రసారం మొదలుపెట్టే వీలుండగా, ఇక్కడ పరీక్షకూ ఫలితానికీ మధ్య, ఫలితానికీ లైసెన్సుకూ మధ్య ఎదురుచూపు తప్పదు. నా విషయంలో నడుమ పోలీసు విచారణ కూడా జరిగింది. ఇంటికి వచ్చిన కానిస్టేబులుగారు ఒడియాలో ప్రశ్నలు మొదలుపెట్టి, మా అమ్మ కుర్చీ వేసి తెలుగులో పలకరించేసరికి తానూ తెలుగులోకి మారి, మేడ మీద కట్టిన తీగను చూపిస్తూ, “ఏటండీ, ఇది డిష్షా?” అని అడిగారు. ఒడియాలో రాసుకున్న ఆయన నివేదికలో నా తీగను చివరికి ఏమని వర్ణించారో గాని, పని సక్రమంగానే పూర్తయింది. రాష్ట్ర సరిహద్దున, సముద్రతీరపు జిల్లాలో రేడియో పెట్టుకునేవాడు ఎవడో ప్రభుత్వం తెలుసుకోవాలనుకోవడంలో నాకు తప్పు కనిపించదు. విచారణ ఉండనివ్వండి, పరీక్షనైనా అనుభవజ్ఞులైన స్థానిక హ్యామ్‌లకు అప్పగిస్తే బాగుంటుందన్నదే నా వాదన. అమెరికా 1984లో చేసిన పని అదే. ప్రశ్నల జాబితాను బహిరంగంగా ప్రచురిస్తే పరీక్షకుడి మీద అనుమానానికి కూడా చోటుండదు. పర్లాకిమిడిలో ఉన్న పన్నెండేళ్ల పిల్ల పరీక్ష కోసం రైలెక్కి వేరే నగరానికి వెళ్లి రావలసినంత కాలం, ఈ విద్య పెద్ద నగరాల ఇంజినీర్ల వినోదంగానే ఉండిపోతుంది.

మన జిల్లాలకు ఈ విద్య వినోదం కాదు. 1999 అక్టోబరు 17న గంజాం తీరాన్ని తాకిన తుపానునూ, అదే నెల 29న పరదీప్ వైపు విరుచుకుపడిన మహా తుపానునూ చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఆ నెలలో ఫోన్లు మూగబోయిన ఊళ్ల నుంచి కబురు మోసిన వారిలో బయటి నుంచి వచ్చిన హ్యామ్‌లు ఉన్నారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో అప్పటికే రేడియో నడుపుతున్న భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి ప్రధాన భూభాగానికి సందేశాలు అందించింది. తుపాను వచ్చాక బయటి నుంచి హ్యామ్‌లు రావడం వేరు, తుపాను వచ్చే రాత్రికి ఊళ్లో హ్యామ్‌లు ఉండటం వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటి, కొండలెక్కి మన గజపతి జిల్లాలో ప్రాణాలు తీసింది. ఒక రాష్ట్రంలో మొదలై ఇంకో రాష్ట్రంలో ముగిసే ఆపదకు రెండు రాష్ట్రాల సమాచార వ్యవస్థలూ విడివిడిగా సిద్ధపడతాయి. హ్యామ్ లైసెన్సు మాత్రం కేంద్రానిది, గిరిసోల దగ్గర చెక్‌పోస్టు దాటినా దానికి ఏమీ కాదు. హ్యామ్‌లు భూగోళాన్ని విభజించుకున్న గడుల లెక్కలో బరంపురం, గోపాలపూర్, ఆంధ్ర వైపున్న ఇచ్ఛాపురం మూడూ ఎన్‌కే29 అనే ఒకే గడిలో ఉన్నాయి.

నాకొక ఆశ ఉంది, దాన్ని ఇక్కడ లెక్కగానే చెబుతాను. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. రెండు మీటర్ల బ్యాండు తరంగాలు ఇంచుమించు తిన్నగా సాగుతాయి గనుక, మీటర్లలో ఉన్న ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే వాటి చూపు ఎన్ని కిలోమీటర్ల దాకా ఆనుతుందో తెలుస్తుంది. ఆ శిఖరం నుంచి అది సుమారు 160. బరంపురం అక్కడి నుంచి వాయుమార్గాన 60 కిలోమీటర్ల లోపు, పర్లాకిమిడి ఇంకా దగ్గర, శ్రీకాకుళం 90, రాయగడ 100 చిల్లర. నడుమ కొండలు కొన్ని దిక్కులను మూసివేస్తాయన్నది నిజమే, అయినా ఆ శిఖరం మీద బ్యాటరీతో నడిచే ఒక్క రిపీటర్ ఉంటే ఇరువైపులా తీరమంతా చేతి రేడియోలతో మాట్లాడుకోవచ్చు. దానికి అడవి శాఖ అనుమతి, రిపీటర్‌కు వేరే లైసెన్సు, అన్నిటికంటే ముందుగా దాన్ని వాడే పదిమంది లైసెన్సుదారులు కావాలి. మొదట ఆ పదిమంది.

అందుకే ఆదివారాలు మా మేడ మీద కొందరు కాలేజీ పిల్లలకు సిద్ధాంతం చెబుతున్నాను. వాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు, పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు. నేను తెలుగులో వివరించి బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తే, ఒడియా అక్షరాల్లో నోట్సు రాసుకునేవాళ్లు ఉన్నారు. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్ల తీగను రెండు కొబ్బరిచెట్ల మధ్య ఎలా కట్టాలో చేసి చూపించాను. న్యూజెర్సీ అపార్టుమెంటులో నేను అటువంటి తీగ కట్టలేక పడ్డ అవస్థ వాళ్లకు హాస్యంగా ఉంటుంది. వాళ్లలో ఇద్దరు వచ్చే ఏడాది అమెరికా వెళతారు. ఇక్కడ రెస్ట్రిక్టెడ్ గ్రేడు రాసి వెళ్లమనీ, అది చేతికి వచ్చినా రాకపోయినా అక్కడ దిగిన మొదటి సెమిస్టరులోనే టెక్నీషియన్, జనరల్ రెండూ ఒకే రోజున రాసేయమనీ చెప్పాను.

నా అమెరికా లైసెన్సును నేను వదులుకోలేదు. గడువుకు 90 రోజుల ముందు నుంచి కంప్యూటరు మీదే దాన్ని పునరుద్ధరించుకోవచ్చు, గడువు దాటినా రెండేళ్ల వెసులుబాటు ఉంది, ఆ రెండేళ్లలో ప్రసారం మాత్రం చేయకూడదు. చిరునామా అక్కడిదే ఉండాలి కాబట్టి మా బావమరిది ఇంటి చిరునామా ఇచ్చాను. పేరు జాబితాలో ఉన్నందుకు అప్పుడప్పుడు రేడియో దుకాణాల క్యాటలాగులు ఆయనింటికి వస్తుంటాయి, ఆయన వాటి ఫొటోలు తీసి, వీటిలో దేన్నీ కొని పంపబోనని రాసి నాకు పంపుతుంటారు.